కట్ తర్వాత నవ్వు

మా ఆయన నూట పదకొండు సినిమాల్లో చచ్చిపోయాడు. లెక్క నాదే. సినిమాకొక ఫోటో చొప్పున మా ముందుగది గోడ నిండా ఉంటాయి. అన్నిట్లోనూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటాడు. కొన్నిట్లో నుదుట రక్తం, కొన్నిట్లో ముక్కులో దూది, ఒకదాంట్లో మెడకి ఉరితాడు. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు ఆ గోడ చూసి, ఇచ్చిన మంచినీళ్లు తాగడం కూడా మర్చిపోతారు.

విషయం ఏమీ లేదు. సినిమావాళ్లకి ఒక పట్టింపు ఉంది. చచ్చే సీను చేసిన ఆర్టిస్టు, డైరెక్టరు కట్ చెప్పగానే లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో పెట్టరు, కీడు పోవడానికి తీస్తారంతే. ఈ కాలం పిల్లలు మర్చిపోతుంటారు గానీ మా ఆయన ఒక్కసారి కూడా మర్చిపోలేదు. కెమెరా కట్టేసి వెళ్లిపోతుంటే వెనక్కి పిలిచి మరీ నవ్వేవాడు.

ఆయన పేరు సోమలింగం. నరసరావుపేటలో నాటకాలాడే రోజుల్లో ఆయన వేషాలు నేనే కుట్టేదాన్ని, అక్కడే పెళ్లయింది. ముప్పై నాలుగేళ్లుగా కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో రెండు గదుల్లో ఉంటున్నాం. ఆయన చస్తూ, నేను కాస్ట్యూమ్స్ డిపార్టుమెంటులో హుక్కులు కుడుతూ బతికేశాం. ఇంట్లో మేమిద్దరమే.

అలాంటి మా ఇంటికి దత్తు అనే కొత్త డైరెక్టరు వచ్చి, టీ తాగుతూ కథ చెప్పాడు. ఒక ముసలాయన ఉంటాడు. రోజుకి పదిసార్లు "నన్ను తీసుకుపోరా దేవుడా" అంటుంటాడు. చుట్టాలంతా చందా వేసుకుని ఆయనకి తోడుగా ఒక రోబోను కొనిపెడతారు. అది పాపం అమాయకంగా, ముసలాయన నిజంగానే పోవాలనుకుంటున్నాడని నమ్మి, ఆయన కోరిక తీర్చడానికి కంకణం కట్టుకుంటుంది. పెరుగన్నంలో మందు కలుపుతుంది, మెట్ల మీద నూనె పోస్తుంది. ప్రతిసారీ ముసలాయన తప్పించుకుంటాడు, పక్కవాళ్లెవరో పడతారు. తనని చంపాలని చూస్తున్నదెవరో తెలీక ముసలాయన ప్రాణభయంతో ఆ రోబో చెయ్యే పట్టుకుని తిరుగుతుంటాడు. ఆఖరికి బతకాలని ఆశపుట్టిన రోజున అది దిండు పట్టుకుని వస్తుంది.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది.

"బాగుంది బాబూ. మరి ముసలాయన వేషం ఎవరు?" అన్నాడు మా ఆయన.

"మీరే సార్."

"అంటే... మొదటి రీల్లోనే చచ్చే ముసలాయనా?"

"మొత్తం సినిమా మీరే సార్. ఆఖరి సీన్లో తప్ప చావరు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. అరవై ఏడేళ్ల మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు గంటలపాటు తెర మీద బతికి ఉండటం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

రోబో వేషానికి మనిషికి తొడుగు వేస్తే నవ్వులాటగా ఉంటుందని దత్తు నిజమైనదాన్నే తెచ్చాడు. గచ్చిబౌలిలో ఒక చిన్న ల్యాబులో తయారుచేస్తున్నారట. ఒంటరిగా ఉండేవాళ్లకి తోడుండటానికి. దానితోపాటు నవనీత అనే ఇంజనీరు పిల్ల వచ్చింది, జగిత్యాల అమ్మాయి. రోబో మనిషెత్తున బూడిదరంగులో ఉంది. ముఖమని చెప్పుకోదగ్గది లేదు, రెండు కళ్లు మాత్రం ఉన్నాయి. చేతులు మాత్రం మెత్తగా, వెచ్చగా ఉంటాయి. అరచెయ్యి మన గుండె మీద పెడితే నాడి, ఊపిరి అన్నీ దానికి తెలుస్తాయి.

మొదటిరోజే దిండు సీను పెట్టుకున్నారు. యాక్షన్ అన్నారు. రోబో ఆయన ముఖం మీద దిండు పెట్టింది. మా ఆయన తనకున్న అనుభవమంతా రంగరించి కాళ్లు కొట్టుకున్నాడు. అంతే, రోబో దిండు విసిరేసింది. అది పోయి తగిలి లైటు పగిలింది. మా ఆయన్ని లేపి కూర్చోబెట్టి వీపు రాస్తూ, ఎవరూ చూడకుండానే అంబులెన్సుకి ఫోను కూడా చేసేసింది. పది నిమిషాల్లో సైరన్ వేసుకుంటూ సెట్లోకి వచ్చేశారు. పేషెంటు కుర్చీలో కూర్చుని సమోసా తింటున్నాడు. వాళ్లు మంచివాళ్లు, ఆయనతో ఫోటో దిగి వెళ్లిపోయారు.

"దాన్ని కాస్త ఆపెయ్యమ్మా," అన్నాడు దత్తు తల పట్టుకుని.

"దీనికి బటన్ ఏం లేదు సార్," అంది నవనీత. "మేం రూల్స్ రాయలే. మనుషులను చూసి నేర్చుకుంటది. ఊపిరి ఆగితే ఏం చెయ్యాల్నో ఎనిమిది నెలలు చూపించినం. నటన అంటే ఏందో ఎవరూ చూపించలే."

"నటన నేర్పడానికి నేను లేనటమ్మా?" అన్నాడు మా ఆయన, ఇంకో సమోసా అందుకుంటూ. "మా ఇంటికి పంపించు."

అలా అది మా ఇంటికొచ్చింది. మా ఆయన దానికి పాపారావు అని పేరు పెట్టాడు. నరసరావుపేట నాటకాల్లో రోజూ ఆయన్ని గదతో చంపిన స్నేహితుడి పేరు అది. ఆ పాపారావు పోయి పదేళ్లయింది.

ఇక మా ఇంట్లో చావులే చావులు. పొద్దున్న టిఫిన్ అయ్యాక నాలుగు, భోజనానికి ముందు మూడు, సాయంత్రం టీకి ఇంకో రెండు. మొదట్లో పాపారావు ప్రతి చావుకీ అంబులెన్సుకి ఫోను చేసేవాడు. ఆ ఫోన్లు తనకే వచ్చేలా నవనీత ఏదో ఏర్పాటు చేసింది. మూడు రోజుల్లో ఇరవై ఏడు ఫోన్లు వచ్చాయిట పాపం.

శవానికి కట్ చెప్పే వీలుండదు కాబట్టి ఆ పని నాకు అప్పజెప్పారు. వంటింట్లో దొండకాయలు తరుగుతూనే "కట్" అని కేకేసేదాన్ని. ఆయన లేచి నవ్వేవాడు. పాపారావు ఆయన గుండె మీంచి చెయ్యి తీసి, "గురువుగారు లేచిరి" అనేవాడు. మా ఆయన దగ్గర నాటకం డైలాగులన్నీ నేర్చుకుని వాడి భాష అలా తయారైంది. ఒకసారి గ్యాస్ అబ్బాయిని "తమరి రాకకు కారణమేమి" అని అడిగాడు. ఆ అబ్బాయి సిలిండరు గుమ్మంలోనే వదిలేసి పోయాడు.

నాకు చూపు ఆనడం లేదని కనిపెట్టి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. నేను అడక్కుండానే, పది సూదులకి ఎక్కించి నా సూదుల దిండుకి గుచ్చి పెట్టేవాడు. ముప్పై నాలుగేళ్లలో మా ఆయన ఒక్కసారి కూడా చెయ్యని పని అది. ఆ మాటే అంటే, "నేను చచ్చే పనిలో ఉంటిని కదే" అనేవాడు.

వారానికల్లా పాపారావు కుదుటపడ్డాడు. ఆయన పడిపోతే పక్కన కూర్చుని, గుండె మీద చెయ్యి వేసి, నిమ్మళంగా ఎదురుచూసేవాడు. ఊపిరి కనపడకుండా పడుకోవడం మా ఆయన విద్య. నాడిని కూడా నెమ్మదిగా దింపేస్తాడు. నవనీత వచ్చి రికార్డులన్నీ చూసి ఆశ్చర్యపోయింది.

"ఆంటీ, వీడు అంకుల్ ఊపిరిని నమ్ముతలేడు ఇప్పుడు. మీరు కట్ అన్నరా, అంకుల్ నవ్విండా, గవి రెండే చూస్తున్నడు."

ఎంత తెలివో చూశావా అని ముగ్గురం మురిసిపోయాం. నిజం, మురిసిపోయాం. మరునాడే నవనీత అంబులెన్సు ఫోను మళ్లీ కలిపేసింది, ఇక పనికిమాలిన ఫోన్లు రావని.

షూటింగు పరుగెత్తింది. పెరుగన్నం సీను, నూనె సీను అన్నీ ఒక్క టేకులో అయిపోయాయి. ఆఖరికి దిండు సీను ఒక్కటే మిగిలింది. దానికింకా రెండు రోజులుందనగా జరిగింది ఇది.

పొద్దున్న పదకొండు గంటలకి హుక్కులు తేవడానికి వీధి చివర టైలరు దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా ఆయన ముందుగదిలో చాప మీద పడి ఉన్నాడు. పక్కన దిండు ఉంది. పాపారావు గుండె మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"గురువుగారు నేడు అద్భుతంగా చేయుచున్నారు," అన్నాడు.

"చేస్తాడు చేస్తాడు. పొద్దుణ్ణించీ స్నానం చెయ్యమంటే మాత్రం చెయ్యడు," అన్నాను. చాప దాటుకుని వంటింట్లోకి వెళ్లాను.

బియ్యం కడిగాను. ఎసరు పెట్టాను. కట్ చెప్పలేదు. టైలరు నా హుక్కులు మార్చి ఇచ్చాడని చిరాకుగా ఉండి, పడుకోనీ కాసేపు అనుకున్నాను. పప్పులో పోపు వేస్తుండగా ఆయన తుమ్మలేదు. మా ఇంట్లో పోపు వేస్తే ఎంత చచ్చినా తుమ్ముతాడు.

గరిటె చేత్తోనే వచ్చి చూశాను. నోరు ఎడమవైపుకి జారి ఉంది. చొంగ చాప మీదికి కారుతోంది.

"కట్!" అని అరిచాను. "కట్! కట్ అంటున్నాను కదయ్యా!"

పాపారావు ఆయన ముఖం వైపు వంగాడు.

"నవ్వలేదు," అన్నాడు.

ఆ తర్వాత వాణ్ని నేను సరిగ్గా చూడలేదు, అంత వేగంగా కదిలాడు. ఆయన్ని రెండు చేతుల్తో ఎత్తుకుని రెండంతస్తులూ దిగిపోయాడు. దిగుతూనే ఫోను చేశాడు. నేను చెప్పుల్లేకుండా వెనక పరుగెత్తాను. పొయ్యి ఎవరు ఆర్పారో నాకిప్పటికీ తెలీదు.

పక్షవాతం అన్నారు. ప్రాణానికి ఫర్వాలేదు గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు, నోరు దెబ్బతిన్నాయి. "ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదమ్మా," అన్నాడు డాక్టరు. పాపారావు ఆయన పక్కన ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాడని తేలింది.

టీవీవాళ్లకి పండగైంది. సినిమాలో చంపాల్సిన రోబో ఇంట్లోనే చంపబోయింది అని ఎర్రక్షరాలతో వేశారు. నిర్మాతగారు హాస్పిటల్‌కి పళ్లు తెచ్చి, ఎంతో బాధపడి, ఇంతటి పబ్లిసిటీ ఎన్నడూ రాలేదని కూడా అన్నాడు. నన్నడిగిన వాళ్లందరికీ నేను ఒకటే చెప్పాను. నేను వచ్చేసరికే ఆయన పడి ఉన్నాడు, అది చూస్తూ కూర్చుంది. ఇందులో అబద్ధం లేదు. సగం దాచాను, అంతే. నా నోటితో చెప్పాల్సిన ఒక్క మాట చెప్పి ఉంటే ఏడు నిమిషాలు ముందే కదిలేవాళ్లమని ఎవరితో చెప్పను? అందుకని నేను కూడా 'అది' అనే అన్నాను.

తొమ్మిదో రోజున నవనీత వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. రోబోలో లోపముందని ల్యాబువాళ్లు తేల్చారట. వచ్చే సోమవారం దాని జ్ఞాపకాలన్నీ తుడిచేసి మొదటినుంచీ మొదలుపెడతారట. నేను చెప్పింది నిజమేనని నా సంతకం కావాలని కాగితం తెచ్చింది.

కలం తీసుకున్నాను. మంచం మీంచి మా ఆయన ఏదో అన్నాడు. మాట రావడం లేదు ఆయనకి. "పా... పా..." అంటున్నాడు. నేను నీళ్లు పట్టాను. వద్దన్నట్టు తల తిప్పాడు. కుడిచేత్తో నా చేతిలో కాగితం చూపించి, మళ్లీ "పా..." అన్నాడు. గదతో చంపినవాడు, సూదిలో దారం ఎక్కించినవాడు, ఇద్దరూ ఆ ఒక్క అక్షరంలో ఉన్నారు. నాకు దుఃఖం ఆగలేదు.

"నవనీతా, నేను వచ్చాక కూడా వాడు ఆగాడమ్మా," అన్నాను. "నేను ఈయన్ని దాటుకుని వెళ్లి అన్నం వండాను. కట్ చెప్పలేదు. వాడు నా మాట కోసమే కూర్చున్నాడు."

ఆ పిల్ల నా వైపు చూడకుండా కాగితం మడిచింది.

"తెల్సు ఆంటీ. దాని రికార్డుల అన్నీ ఉన్నయ్. మీరు తలుపు తీసింది, బియ్యం కడిగిన చప్పుడు, అన్ని. నేనే రిపోర్టుల పెట్టలే."

"ఎందుకు పెట్టలేదు?"

"అంకుల్‌కి ఇట్లయింది. పైనుంచి అందరు మిమ్మల్ని అనుకుంట పోతరు. ఊపిరి చూస్తలేడు అని చెప్పింది నేనే గద ఆంటీ. చెప్పి నవ్విన. ఫోను గూడ నేనే కలిపి పోయిన. మిమ్మల్ని ఏమని రాయను?"

"రాయమ్మా. నా పేరు సత్యవేణి. ఇంటిపేరుతో సహా రాయి."

రాసింది. ల్యాబులో అయిదుగురి ముందు కూర్చోబెట్టి నన్ను అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను, పోపుతో సహా. టీవీలో ఈసారి ఎర్రక్షరాలు నా మీద పడ్డాయి. కింద వాటావాళ్లు నెల రోజులు నాతో మాట్లాడలేదు. పడ్డాను. పడాల్సిందే. పాపారావుని మాత్రం తుడిచెయ్యలేదు. వాడు చూసి నేర్చుకున్నది తప్పు కాదు, మేం చూపించింది తప్పు అని రాసుకున్నారు. కొత్తగా ఏవో చూపించి, రెండు వారాల తర్వాత మా ఇంటికి పంపారు.

గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అమ్మగారూ, ఆనాడు తమరు కట్ చెప్పలేదు."

"చెప్పలేదు నాయనా. తప్పు నాదే."

"నేనైనను అడగవలసినది," అన్నాడు. "ఇక మీదట అడిగెదను."

అడిగాడు మరి. మా ఆయన కునుకు తీస్తే చాలు, గుండె మీద చెయ్యి వేసి "అమ్మగారూ, కట్ చెప్పెదరా?" అనేవాడు. నేను ఎక్కడున్నా కట్ అనాలి. ఆయన లేచి నవ్వాలి. మధ్యాహ్నం నిద్రన్నది లేకుండా పోయింది ఆ మనిషికి. తిట్టడానికి నోరు తిరగదు. కుడిచేత్తో దిండు తీసి వాడి మీద విసిరేవాడు. వాడు అది పట్టుకుని మళ్లీ తల కింద పెట్టేవాడు.

చిక్కంతా నవ్వుతోనే వచ్చింది. ఆయన నవ్వితే కుడివైపు పైకి పోతుంది, ఎడమవైపు వేలాడుతుంది. "సగమే వచ్చినది," అనేవాడు పాపారావు, చెయ్యి తీసేవాడు కాదు. డాక్టరు రోజూ ముఖానికి వ్యాయామం చేయించమన్నాడు. ఆ పని కూడా వాడే తీసుకున్నాడు. పొద్దున్నే ఎదురుగా కూర్చుని, చూపుడువేలితో ఆయన ఎడమ పెదవి కొసని మెల్లిగా పైకి ఎత్తి, పది లెక్కపెట్టి, వదిలేవాడు. మళ్లీ ఎత్తేవాడు. రోజుకి నలభైసార్లు. పాత పద్యాలు రాగయుక్తంగా పాడి వినిపించేవాడు. శ్రుతి తప్పితే ఈయన అక్కడక్కడా సరిదిద్దేవాడు. అలా అలా మాట కొంచెం తిరిగింది.

తిరగ్గానే ఆయన అన్న మొదటి పూర్తి వాక్యం, "దిండు సీను బాకీ ఉంది."

దత్తు మూడు నెలలు ఆగాడు. డూపుతో తీసేస్తానని ఒక్కసారి కూడా అనలేదు, ఆ మంచితనం మర్చిపోను. సెట్టుకి అందరం వెళ్లాం. నవనీత గోడవారగా నిలబడి గోళ్లు కొరుకుతోంది. ఆయన మళ్లీ పడతాడేమోనని నాకొక భయం. పాపారావు మళ్లీ దిండు విసిరేసి అంబులెన్సు పిలుస్తాడేమోనని ఒక భయం. అలా జరిగితే ఈ సినిమా ఇక లేదు, ముసలాడికి ఇంకో సినిమా రాదు.

యాక్షన్ అన్నారు. పాపారావు దిండు పట్టుకుని వచ్చాడు. ఒక్కసారి ఆగి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. దిండు పెట్టాడు. మా ఆయన కుడికాలు మాత్రమే కొట్టుకున్నాడు. రెండోది కదలకుండా పడి ఉండటం చూస్తే మునుపటి కంటే ఘోరంగా ఉంది. కాసేపటికి ఆ కాలు కూడా ఆగింది. పాపారావు దిండు తీసి, ఆయన గుండె మీద చెయ్యి వేశాడు.

దత్తు నా వైపు తిరిగి, "అమ్మా, మీరే చెప్పండి," అన్నాడు.

"కట్," అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నవ్వడానికి చూశాడు. కుడివైపు పెదవి లేచింది, కన్ను మెరిసింది. ఎడమవైపు కొంచెం వణికి ఆగిపోయింది. పాపారావు చెయ్యి గుండె మీదే ఉంది. మా ఆయన మళ్లీ ప్రయత్నించాడు. చెమటలు పట్టాయి. నేను ఇక చూడలేక ముందుకి అడుగేశాను.

పాపారావు రెండో చెయ్యి ఎత్తాడు. చూపుడువేలితో ఆయన ఎడమ పెదవి కొసని మెల్లిగా పైకి ఎత్తి పట్టుకున్నాడు. పళ్లన్నీ బయటపడ్డాయి. అదే నవ్వు. నూట పదకొండుసార్లు నవ్విన నవ్వే. మా ఆయనకి నిజంగానే నవ్వొచ్చి, బొజ్జ కదిలేలా నవ్వాడు.

"గురువుగారు లేచిరి," అని పాపారావు గుండె మీంచి చెయ్యి తీశాడు. పెదవి మీది వేలు మాత్రం తియ్యలేదు.

ఫోటో తీశారు. నేను పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

వారం తర్వాత దత్తు ఆ ఫోటో పెద్దది చేయించి తెచ్చాడు. "అమ్మా, రోబో వేలు అడ్డం పడింది. కంప్యూటర్లో తీసెయ్యమంటారా?" అని అడిగాడు.

ఉండనిమ్మన్నాను. గోడ మీద మిగిలిన ఒక్క మేకుకి దాన్ని తగిలించాం.